బ్రాకెట్లలో అమ్మ పేరు

మాదన్నపేట,
7 జులై 2024.

ఎల్లేశన్నకు,

బాగున్నావా? వదినా పిల్లలూ కులాసాయేనా? ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు బస్సులోనో మీటింగులోనో దొరుకుతావు. హలో అనేలోపే 'మళ్ళీ చేస్తా' అంటావు. అందుకే ఈ మెయిల్. ఉత్తరమనే అనుకుని తీరికగా చదువు.

నా థీసిస్ రాయడం అయిపోయింది. పురానాపూల్, మాదన్నపేట బస్తీల్లో చావుల దగ్గర ఆడవాళ్ళు రాగం తీసి పాడే శోకాల మీద అని నీకు తెలిసిందే. అందులో సగానికి పైగా పెద్దమ్మ పాడినవి. మీ అమ్మే కదా, నీకు కొత్తగా చెప్పేదేముంది? అక్కడ ఎవరు పోయినా పాడె కట్టేవాళ్ళ కంటే ముందు ఆమెకే కబురు వెళ్తుంది. రికార్డు చేయడానికి మాత్రం నన్ను చాలా తిప్పింది. "ఇంట్ల చావు లేనిది శోకం తియ్యొద్దు బిడ్డా, ఇల్లు ఇంటది" అంది. చివరికి మూసీ పక్కన, పాత వంతెన దగ్గర ఒక రాయి మీద కూర్చుని పాడింది. రికార్డుల నిండా బస్సుల హారన్లే.

ఇప్పుడు నీతో పని పడింది. నువ్వు నేర్పిన లేటెక్‌లోనే, ఆ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే, మొత్తం కూర్చాను. ఆధారాలు చూపించేది రచయిత–సంవత్సరం పద్ధతిలో ఉండాలన్నారు. అంటే వాక్యం చివర బ్రాకెట్లలో పేరూ ఏడూ, వెనక జాబితాలో పూర్తి వివరాలు. కానీ అది తెలుగు పేర్లను ఇంగ్లిష్ పేర్లలాగా చీలుస్తున్నది. ఇంటిపేరు పెట్టి కామా పెడుతుంది. ఇద్దరు రాస్తే మధ్యలో ఇంగ్లిష్ 'అండ్' వస్తుంది. జాబితా అక్షర క్రమం కూడా తప్పుగా ఉంది. రోజంతా మీ ఆఫీసులో ఇదే పని చేస్తావు కదా. ఫైళ్ళు జత చేశాను. కాస్త సరిచేసి పెట్టవా?

మొన్నటి వానకు మన మార్కెట్లో కూరగాయలన్నీ నీళ్ళలో తేలాయి. అమ్మ టమాటాలు ఏరుకొచ్చినంత పని చేసింది. మిగతావన్నీ మామూలే.

నీ చెల్లె,
భాగ్యశ్రీ


చెన్నై,
12 జులై 2024.

చెల్లె భాగ్యకు,

ఫైళ్ళు చూశాను. కంగారు పడకు, ఇవన్నీ మారేవే. ఈ స్టైలు ఫైళ్ళు రాసినవాళ్ళకు మన పేర్లు ఎలా ఉంటాయో తెలియదు, అంతే. కామా తీసేశాను. 'అండ్' ఉన్నచోట 'మరియు' వస్తుంది. ముగ్గురికి మించి ఉంటే మొదటి పేరు పక్కన 'తదితరులు' అని పడుతుంది. జాబితా అ, ఆ, ఇ, ఈ వరసలో వచ్చేలా పెట్టాను.

మా కంపెనీలో నేను చేసేవి పరదేశపు రసాయనశాస్త్ర పత్రికలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేర్లూ సంవత్సరాలూ సర్దుతాను. ఒక్క మనిషీ నాకు తెలియదు. తెలుగు అక్షరాలు తెరమీద కూర్చి చాలా రోజులైంది, చేతికి హాయిగా అనిపించింది.

రెండు చిన్న తప్పులు కనపడ్డాయి. అమ్మకు ఇంటిపేరు పెట్టలేదు నువ్వు. 'నల్లవెల్లి ఆగమ్మ' అని నేనే చేర్చాను. ఇంకొకటి, ఆమె పేరు రచయిత గడిలో పడింది. చూసుకో. శోకాలు ఎవరో ఒకరు రాసేవి కాదు కదా. కింద ఎక్కడో సమాచారం ఇచ్చినవాళ్ళ వరసలో ఉండాలేమో.

వదిన అడిగినట్టు చెప్పమంది. చిన్నోడికి పన్ను ఊడింది.

ఎల్లేష్


మాదన్నపేట,
20 జులై 2024.

ఎల్లేశన్నా,

ఎంత బాగా చేశావో. జాబితా చూడగానే పుస్తకంలాగా అనిపించింది.

రచయిత గడిలో పెద్దమ్మ పేరు తప్పున పడలేదు. నేనే పెట్టాను. ఆ మాటలు ఆమె కట్టినవి. ఎవరి చావుకు ఏ మాట అన్నదో అన్నీ వేరువేరు. వాక్యం చివర 'ఆగమ్మ 2021' అని రావాలి. ఇంటిపేరు సంగతి ఆమెనే అడిగాను. బొంత కుడుతూ తలెత్తకుండా చెప్పింది. "పెండ్లికి ముందు ఒకటుండె, పెండ్లయినంక ఒకటచ్చె. రెండూ ఎవలో ఇచ్చినయే. ఆగమ్మ అంటె చాలు, పూల్ కాడ అందరికెర్క." కాబట్టి నల్లవెల్లి తీసెయ్యి. పెద్దనాయన మీద కోపంతో అన్నమాట కాదది, నువ్వు మనసులో పెట్టుకోకు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా గైడ్ సుశీల మేడమ్ జాబితా చూసి ఆగిపోయారు. "వీళ్ళ పేర్లిట్ల అచ్చయితే రేపు ఎవరి మీదికి వస్తుందో ఆలోచించావా భాగ్యా?" అన్నారు. థీసిస్ మొత్తం నెట్‌లో పెడతారు, ఎవరైనా చదవచ్చు. ఆమె అన్నది నిజమే. జాబితాలోనూ లోపలా పేర్లు కనపడకుండా చెయ్యాలి. నీ ఫైల్లో ఎలా చేస్తే తేలికో అలా చెయ్యి. ఆగస్టు మొదటి వారానికి మేడమ్‌కు చూపించాలి.

తొందరలో రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

భాగ్యశ్రీ


చెన్నై,
4 ఆగస్టు 2024.

భాగ్యకు,

చెప్పినట్టే చేశాను. ఇప్పుడు పాడినవాళ్ళ పేర్లు ఎక్కడా రావు. అమ్మ పేరున్న చోటల్లా 'సమాచారదాత 1' అని వస్తుంది. మిగతావాళ్ళు రెండు, మూడు అలా. అసలు పేర్లు ఫైల్లోనే ఉంటాయి కానీ అచ్చులో పడవు.

నిజం చెప్పాలంటే మీ మేడమ్ మంచి పని చేసింది. నాకు మొదటి నుంచీ మనసు ఒప్పుకోలేదు, నువ్వు బాధపడతావని ఊరుకున్నాను. ఇంటిపేరు తీసెయ్యమన్నప్పుడూ ఊరుకున్నాను. ఆ ఇంటిపేరుతోనే కదా నేను బతుకుతున్నాను.

ఈ నెల ఆఫీసులో ఒకటే లొల్లి. ఆదివారాలు కూడా రమ్మంటున్నారు.

ఎల్లేష్


మాదన్నపేట,
6 ఆగస్టు 2024.

అన్నా,

ఫైలు తెరిచి చూశాను. నేను దాచమన్నది పాడినవాళ్ళ పేర్లు కాదు. చనిపోయినవాళ్ళవి. నేను సరిగ్గా రాయలేదు, ఒప్పుకుంటాను. కానీ పేర్లు దాచమనగానే నీకు ముందు మీ అమ్మ పేరే ఎందుకు తోచింది?

అసలు సంగతి చెప్తాను. సుశీల మేడమ్ భయమంతా ఒక్క శోకం గురించి. భిక్షపతి మీద పెద్దమ్మ తీసింది. అప్పటికి నువ్వు పెద్ద క్లాసుల్లో ఉన్నావు, నీకు గుర్తుండాలి. గుండయ్య సేఠ్ గోదాంలో హమాలీ పని చేసేవాడు. బియ్యం బస్తాతో మెట్లెక్కుతుంటే పై మెట్టు విరిగి కింద పడి పోయాడు. తాగి పడ్డాడని సేఠ్ మనుషులు అన్నారు, పోలీసులు అదే రాసుకున్నారు. శవం దగ్గర, సేఠ్ ముందే, పెద్దమ్మ అందుకుంది.

తాగి పడ్డవంటిరి తమ్ముడా, తాగని నోరు నీదాయె
పుచ్చిన మెట్టెవరిది తమ్ముడా, పుస్తె తెగిందెవరిది

శోకంలో అన్నమాటకు ఎవరూ కోపం తెచ్చుకోరు, తెచ్చుకోకూడదు. సేఠ్ తలవంచుకుని విన్నాడట. కానీ రాతలో పెడితే అది వేరు. భిక్షపతి భార్య కళావతమ్మ ఇప్పటికీ ఆ గోదాం వెనక గదిలోనే ఉంటుంది, ఆ కొట్లోనే పప్పులు చెరుగుతుంది. నేను వెళ్ళి అడిగితే చాట పక్కన పెట్టి నా చేయి పట్టుకుంది. "బిడ్డా, ఆయన పేరు రాకుండ జూడు. గీ వయసుల నన్నెక్కడికి పొమ్మంటవు?" అంది. మిగతా ఇళ్ళలోనూ ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. అందుకని పోయినవాళ్ళ పేర్లన్నీ తీసెయ్యాలనుకున్నాం.

పెద్దమ్మను కూడా అడిగాను, నీ పేరుకూడా తీసెయ్యమంటావా అని. ఆమె అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "దుఃఖం వాళ్ళది, గది దాచుకోనియ్యి. మాట నాది. నేనన్న మాట నేననలేదని నువ్వెట్ల రాస్తవు?"

నీకు సిగ్గుగా ఉంటే చెప్పు. నేను వేరే ఎవరినైనా పట్టుకుంటాను.

భాగ్యశ్రీ


చెన్నై,
18 ఆగస్టు 2024.

చెల్లె భాగ్యకు,

నీ మెయిల్ వచ్చిన రోజే జవాబు రాసి కొట్టేశాను. కోపంలో రాసింది పంపకపోవడమే మంచిదయింది.

సిగ్గు అన్నావు. ఆ మాటే అనుకో. బడిలో నన్ను ఎల్లేష్ అని పిలిచినవాళ్ళు తక్కువ. "ఏడ్సేదాని కొడుకు" అనేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం తింటుంటే గేటు దగ్గరికి ఎవరో వచ్చేవాళ్ళు. "మీ అమ్మను తోల్కపోయిన్రు, తాళంచెవి గీడ ఇయ్యమన్నది" అని. పిల్లలందరికీ తెలిసిపోయేది, ఇవాళ ఎక్కడో చావుందని. సాయంత్రం ఆమె గొంతు పోయి వచ్చేది. నాతో మాట్లాడటానికి గొంతు ఉండేది కాదు. సైగ చేసి అన్నం పెట్టేది. ఊళ్ళో అందరి కోసం ఏడ్చి వచ్చేది, నాకు జ్వరమొస్తే మాట మిగిలేది కాదు. నాకు గుర్తున్నది అది. నువ్వు దాన్ని పాట అంటావు, పరిశోధన అంటావు. నీకు ఆ గొంతు రికార్డులో దొరికింది.

భిక్షపతి చావు నాకు గుర్తుంది. ఆ రాత్రి అమ్మను తిట్టాను కూడా, సేఠ్‌తో మనకెందుకు పంచాయితీ అని. ఇప్పుడు నువ్వు ఆ పంచాయితీని అచ్చు వేస్తానంటున్నావు. ఆమె ముసలిదయింది. రేపు ఎవరైనా వచ్చి అడిగితే నువ్వు అక్కడ ఉంటావా?

అయినా పని చేశాను. పాడినవాళ్ళ పేర్లు వెనక్కి తెచ్చాను. పోయినవాళ్ళ పేరుకు ఒక ఆదేశం తయారుచేశాను. జాబితాలో శీర్షిక ఉన్నచోటా, లోపల శోకంలో పేరు వచ్చినచోటా పేరుకు బదులు గీత పడుతుంది. ఇంకొకటి నా అంతట నేను చేర్చాను. నువ్వు అన్నింటికీ 2021 అని పెట్టావు. అది నువ్వు రికార్డు చేసిన ఏడు. ఆమె మాట అన్నది అప్పుడు కాదు. పాత పుస్తకం మళ్ళీ అచ్చయితే రెండు ఏళ్ళూ పెట్టే పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం మొదట పాడిన ఏడు ముందు, రికార్డు ఏడు తర్వాత వస్తాయి. భిక్షపతి పోయింది ఏ ఏడో కనుక్కో.

దసరాకు వద్దామనుకుంటున్నాను. అమ్మకు చెప్పకు, టికెట్టు దొరక్కపోతే బాధపడుతుంది.

ఎల్లేష్


మాదన్నపేట,
1 సెప్టెంబర్ 2024.

ఎల్లేశన్నా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. గొంతు లేకుండా ఇంటికి వచ్చే మనిషి గురించి నా థీసిస్‌లో ఒక్క వాక్యం కూడా లేదు. మూడో అధ్యాయంలో రాయాలనుంది. నువ్వు ఒప్పుకుంటేనే.

రెండు ఏళ్ళూ పెట్టడం చూసి సుశీల మేడమ్ చాలా సంతోషించారు. భిక్షపతి పోయినప్పుడు వాళ్ళ బిడ్డ సోనీ చంటిపిల్ల, కళావతమ్మ ఒళ్ళో ఉంది. సోనీ పుట్టిన సర్టిఫికెట్ చూసి 1998 అని తేల్చాం. ఆ పిల్ల ఇప్పుడు సంతోష్‌నగర్‌లో మందుల షాపులో పనిచేస్తున్నది, అక్కడే చిన్న ఇల్లు తీసుకుంది. తల్లిని రమ్మంటే ఆమె కదలదు.

నువ్వన్నది నిజమే. ఎవరైనా వచ్చి అడిగితే నేను అక్కడ ఉంటానని చెప్పలేను. ఆ మాట పెద్దమ్మతో అన్నాను. నవ్వింది. "గుండయ్యకు నేను కొత్త గాదు, నాకు గుండయ్య కొత్త గాదు. ఎల్లేషును ఫికర్ చెయ్యొద్దను" అంది.

ఈ మధ్య ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతున్నదంటోంది. బొంత కుట్టీ కుట్టీ అనుకుంటున్నాం. రేపు డాక్టరుకు చూపిస్తాం.

భాగ్యశ్రీ


చెన్నై,
12 అక్టోబర్ 2024.

భాగ్యశ్రీకి,

అమ్మ పదకొండో రోజు కర్మ కాగానే నీతో చెప్పకుండా వచ్చేశాను. చిన్నమ్మ ఫోన్ చేసి, భాగ్య అన్నం తింటలేదు, ఏమైంది మీ ఇద్దరికి అని అడిగింది. అందుకే రాస్తున్నాను.

ఆసుపత్రిలో నువ్వు చేసింది నేను మరిచిపోను. నేను వచ్చేసరికి అమ్మకు మాట పడిపోయి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది. నోరు కదిపింది, శబ్దం రాలేదు. చిన్నప్పుడు సైగ చేసినట్టే అన్నం తిన్నావా అని చేత్తో అడిగింది. ఆ తర్వాత అన్నీ నీకు తెలుసు.

ఆ రోజు అమ్మను వాకిట్లో పడుకోబెట్టాక ఆడవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడుస్తున్నారు, కానీ ఎవరూ అందుకోవడం లేదు. ఎవరో ముసలావిడ "అందరికి తీసిన మనిషి. గీమెకు ఎవలు తీస్తరే?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కొడుకునై ఉండి ఒక్క మాట రాలేదు. నువ్వైనా తీస్తావేమో అనుకున్నాను, అన్ని శోకాలూ నీకు నోటికి వచ్చు కదా. నువ్వూ నిలబడిపోయావు.

అప్పుడు కళావతమ్మ వెనక నుంచి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె గొంతు విప్పడం నేను ఎన్నడూ వినలేదు. మొదట కీచుగా వచ్చింది, తర్వాత రాగం కుదిరింది.

పోతున్నవా ఓ అక్కా, నా పెనిమిటి కాడికి పోతున్నవా
మెట్టు మార్చిండ్రని చెప్పక్కా, మాట మార్చలేదని చెప్పు

గుండయ్య సేఠ్ గోడ పక్కన కుర్చీలో ఉన్నాడు. కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. అలాగే నిలబడి మొత్తం విన్నాడు.

నేను నీ వైపు చూసింది అప్పుడే. నీ చేతిలో ఫోను ఉంది. దాన్ని ఆమె వైపు పట్టుకుని ఉన్నావు.

భాగ్యా, మా అమ్మ చావు నీ థీసిస్‌లో ఆఖరి అధ్యాయం కావచ్చు. ఆ కళావతమ్మ దుఃఖాన్ని కూడా నువ్వు పట్టుకున్నావు కదా. 'కళావతి 2024' అని ఇంకో ఎంట్రీ వస్తుంది. దాన్ని నేను తయారుచెయ్యను. మిగతా ఫైళ్ళన్నీ పూర్తిచేసి పంపుతున్నాను, ఇక నీకు నా అవసరం ఉండదు.

ఎల్లేష్


మాదన్నపేట,
3 నవంబర్ 2024.

ఎల్లేశన్నా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబివ్వలేదు. కోపం వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. ఇప్పుడు రెండూ లేవు, కాబట్టి రాస్తున్నాను.

నేను రికార్డు చెయ్యలేదు. శ్మశానానికి తీసుకెళ్ళే బండి డ్రైవరు గల్లీ దొరక్క ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. మోత వినిపించకుండా నొక్కి పట్టుకున్నాను. కళావతమ్మ పాడినంతసేపూ ఆ ఫోను నా చేతిలో వణుకుతూనే ఉంది. రికార్డు చెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదన్నా. నువ్వు ఇంట్లోనే ఉన్నావు, ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

శోకం ఎందుకు తియ్యలేదన్నావు. నాకు వచ్చినవన్నీ పెద్దమ్మవి. వేరేవాళ్ళ కోసం ఆమె కట్టిన మాటలు ఆమె మీదే ఎలా పాడను? నా మాట ఒక్కటి వెతుక్కున్నాను, దొరకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండు వారాల కింద ఒక ఆదివారం కళావతమ్మ మా ఇంటికి వచ్చింది, సోనీని వెంటబెట్టుకుని. నీళ్ళిచ్చినా తాగలేదు. కూర్చోగానే అంది:

"బిడ్డా, ఆయన పేరు పెట్టు."

నాకు అర్థం కాలేదు. "ఏ పేరమ్మా?" అన్నాను.

"నీ పుస్తకంల. గీత గీయిస్తివి గద. గా గీత తీసెయ్యి."

సోనీ కంగారుగా నా వైపు చూసింది. "అక్కా, నేను గూడ చెప్పిన, ఇప్పుడెందుకమ్మా అని. ఇంటలేదు" అంది.

"ఇప్పుడెందుకంటె," కళావతమ్మ చెప్పుకొచ్చింది, "ఇన్ని దినాలు ఆగమ్మక్క ఉండె. ఎవల చావుకు వోయినా ఏదో ఒక తావుల ఆయన్ని తలుస్తుండె. నేను వెనక గూసోని ఇంటుంటి. నేను నోరు తెర్వకున్న నడిచె. ఇప్పుడామె వోయింది. ఇగ ఆయన సంగతి చెప్పెటోళ్ళెవరు బిడ్డా?"

సేఠ్ ఆమెను పిలిచి "గవన్నీ ఎందుకు తవ్వుడు కళావతీ?" అన్నాడట. గది ఖాళీ చెయ్యమని ఆయన అనలేదు. ఆమే సామాను సర్దుకుని తాళంచెవి కొట్లో పెట్టి సంతోష్‌నగర్‌కు సోనీ దగ్గరికి వచ్చేసింది. అన్నేళ్ళు ఉన్న గదిలో ఆమెవి రెండు సంచుల సామాను తేలిందని సోనీ చెప్తూ కళ్ళు తుడుచుకుంది.

సుశీల మేడమ్‌తో మాట్లాడించాను. మేడమ్ తొందరపడలేదు. పేరు వస్తే ఏమేం జరగవచ్చో అన్నీ విడమరిచి చెప్పి, వారం ఆలోచించుకోమన్నారు. వారం తర్వాత కూడా ఆమె మాట అదే.

నేను ఒక తప్పు చేయబోయాను, అది కూడా చెప్తాను. ఆ రోజు పాడింది మళ్ళీ ఒకసారి పాడతారా అని అడిగాను. "గది ఆగమ్మక్కకు పాడింది బిడ్డా. ఆమె తోల్కపోయింది" అంది కళావతమ్మ. కాబట్టి 'కళావతి 2024' అనే ఎంట్రీ ఉండదు. నువ్వు భయపడక్కర్లేదు.

మిగతా ఇళ్ళవాళ్ళ పేర్లు దాచి ఉంచాలి. ఒక్క భిక్షపతి పేరే బయటికి రావాలి. నేను ప్రయత్నిస్తే అన్నీ బయటికి వస్తున్నాయి, లేదా అన్నీ పోతున్నాయి. నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరని కాదు, వేరే మనిషిని అడగబుద్ధి కాలేదు.

నీ చెల్లె,
భాగ్యశ్రీ


చెన్నై,
24 నవంబర్ 2024.

చెల్లె భాగ్యకు,

నేను అడిగి ఉండాల్సింది. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. సంక్రాంతి దాటాక వస్తాను, వచ్చి నీ ముందు కూర్చుని చెప్తాను. మూడో అధ్యాయంలో నువ్వు రాయాలనుకున్నది రాయి. గొంతు సంగతి.

పని తేలికే. ఒక్క ఎంట్రీకి మాత్రం దాచే ఆదేశం వర్తించకుండా గుర్తు పెట్టాలి. అది పెట్టాను. కానీ పేరు బయటికి రాగానే కొత్త సమస్య వచ్చింది. నువ్వు జాబితాలో 'భిక్షపతి' అని రాశావు. శోకం లోపల ఒకచోట 'బిక్షపతి' అని ఉంది, మిగతా రెండుచోట్ల 'బిచ్చపతి'. గీత ఉన్నన్ని రోజులూ ఇది ఎవరికీ కనపడలేదు. మా ఆఫీసులో ఇలాంటిది వస్తే రచయితను అడుగుతాం. ఇక్కడ రచయిత లేదు.

అందుకని ఫైళ్ళతోబాటు నువ్వు పంపిన రికార్డు విన్నాను. ఇన్నాళ్ళూ ఆ ఫోల్డరు తెరవలేదు, కూర్చి ఇవ్వడమే నా పని అనుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక చెవులకు పెట్టుకున్నాను. ముందు బస్సు హారన్లు. తర్వాత అమ్మ దగ్గింది. తర్వాత మొదలుపెట్టింది. పేరు మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ 'బిచ్చపతి' అనే అంది.

శోకం అయిపోయాక నువ్వు రికార్డింగు ఆపడం మరిచిపోయినట్టున్నావు. అమ్మ మంచినీళ్ళు తాగిన శబ్దం వచ్చింది. తర్వాత నీతో అన్నది. "గిది ఎల్లేషుకు ఇనిపియ్యకు బిడ్డా. వానికి మంచిగనిపియ్యది." నేను మళ్ళీ మొదటి నుంచి విన్నాను. నా పక్క సీటులో పనిచేసే అతను వచ్చి, ఏడుస్తున్నావేంటి, ఎవరిది ఆ గొంతు అని అడిగాడు. మా అమ్మది అన్నాను. ఏం పాట అన్నాడు. చావుల దగ్గర పాడేది, ఇది తోటి మనిషి ఒకడు గోదాంలో పడి చనిపోతే పాడింది అని మొత్తం చెప్పాను. అతను కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాడు.

అయినా ఒక్క అమ్మ పలికిన తీరు చాలదనిపించింది. సోనీకి ఫోన్ చేశాను. ఆమె సర్టిఫికెట్లలో తండ్రి పేరు 'భిక్షపతి' అని ఒత్తుతో ఉందట. అందులో ఎలా ఉంటే అలాగే పెట్టమంది సోనీ. నేను ఫోను ఒకసారి వాళ్ళ అమ్మకు ఇవ్వమన్నాను.

"కళావతమ్మా, నేను ఆగమ్మ కొడుకును" అన్నాను.

"ఎర్కనే. చెప్పు కొడుకా."

"ఆయన పేరు ఎట్ల రాయాలె? కాయితాల ఉన్నట్టా, అందరు పిలిచినట్టా? నువ్వు ఎట్ల అంటె గట్ల రాస్త."

ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. వెనక నుంచి సోనీ మెల్లగా అనడం వినపడింది, "అన్నా, అమ్మ ఆయన పేరు నోటితోని చెప్పది. ఎన్నడూ చెప్పలేదు." నాకు అప్పుడు గుర్తొచ్చింది. మన వైపు ఆ కాలపు ఆడవాళ్ళు ఎవరు చెప్తారు? ఆ రోజు అమ్మ దగ్గర కూడా ఆమె 'నా పెనిమిటి' అనే అంది. నేను తప్పు అడిగాననిపించింది. "వద్దులేమ్మా, సోనీ చెప్పినట్టే పెడత" అన్నాను.

"ఆగు" అంది కళావతమ్మ.

నేను ఆగాను.

"బిచ్చపతి" అంది.

తర్వాత ఇంకోసారి, కొంచెం గట్టిగా, "బిచ్చపతి. గట్లనే రాయి" అని ఫోను బిడ్డకు ఇచ్చేసింది.

అలాగే రాశాను. పూర్తయిన ఫైలు జత చేస్తున్నాను. జాబితా మొదటి పేజీ చూడు. అక్కడ ఇలా ఉంటుంది:

ఆగమ్మ (1998/2021). బిచ్చపతి మీద శోకం. పురానాపూల్.

మీ మేడమ్ ఒత్తు ఏదని అడిగితే, ఆయన భార్య చెప్పిందని చెప్పు.

నీ అన్న,
ఎల్లేష్